తాళం, ట్యాంకు, టైము: పార్కు టాయిలెట్ల తనిఖీలో కనబడని సంగతులు

క్లుప్తంగా: పార్కుల్లోని టాయిలెట్లు, మంచినీళ్ల కొళాయిలు తనిఖీ రోజున బాగానే ఉంటాయి. పది రోజులకు మళ్లీ మొదటికొస్తాయి. ఊడ్చేవాళ్లు సరిగా ఊడవకపోవడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఏ నీళ్లు వస్తున్నాయి, ఎన్ని గంటలు వస్తున్నాయి, ట్యాంకులో ఎంత నిలుస్తుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అనే నాలుగు విషయాల మీదే అసలు సంగతి ఆధారపడి ఉంది. తనిఖీ ఫారాల్లో వీటికి దక్కే చోటు తక్కువ.

వేసవి ముదిరినప్పుడో, నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ బృందాలు వచ్చే ముందో నగరాల్లో ఒక దృశ్యం మామూలే. అధికారులు పార్కుకు వెళ్తారు. టాయిలెట్ తలుపు తీసి చూస్తారు, కొళాయి తిప్పుతారు, పారిశుద్ధ్య మేస్త్రీని నాలుగు మాటలంటారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఆ పార్కుకే రోజూ వాకింగ్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం నిన్న నీళ్లొచ్చిన కొళాయికి ఇవాళ ఏమైందో అర్థం కాదు.

కర్నూలు లాంటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటాక పగటిపూట పార్కులో మనిషి కనబడడు. జనమంతా తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాత వస్తారు. పిల్లలు, షుగరు ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లు ఎక్కువగా ఆ వేళల్లోనే ఉంటారు. నీళ్లు, టాయిలెట్ అందరికంటే ముందు కావలసింది వాళ్లకే. తనిఖీలు జరిగేది మాత్రం ఎక్కువగా ఆఫీసు వేళల్లో.

మార్కులు దేనికి వేస్తారు

స్వచ్ఛ భారత్ మిషన్ 2014 అక్టోబరు 2న మొదలైనప్పుడు ఎన్ని కట్టారన్నదే ప్రధాన లెక్క. బహిరంగ మలవిసర్జన లేని ఊరు (ఓడీఎఫ్) అని సర్టిఫికెట్ తెచ్చుకోవడం తొలి లక్ష్యం. 2016లో 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు మొదలయ్యాయి. కట్టినవి వాడకంలో ఉన్నాయా లేదా అన్న ప్రశ్న 2018లో ఓడీఎఫ్ ప్లస్‌తో ముందుకొచ్చింది. అందులోంచి వచ్చే మలినాలు చివరికి ఎక్కడికి చేరుతున్నాయన్నది ఓడీఎఫ్ ప్లస్ ప్లస్ చూస్తుంది. 2021 అక్టోబరు 1న మొదలైన రెండో దశ కూడా ఇదే దారిలో ఉంది. అంటే కాగితం మీద ప్రశ్నలు ఏటికేడు మెరుగయ్యాయి. తలుపుకు గడియ ఉందా, లైటు వెలుగుతోందా, నీళ్లున్నాయా, గాలి ఆడుతోందా, ఫిర్యాదు చేసే వీలుందా అని అడుగుతున్నారు. ప్రశ్నలను తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు.

చిక్కంతా ఆ ప్రశ్న ఏ గంటకు వేస్తున్నారన్న దాంట్లో ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. అన్నం కుండంతా ఒకే మంట మీద ఉంటుంది కాబట్టి ఆ మాట నిజం. పార్కు టాయిలెట్ అలా కాదు. ఉదయం పదిన్నరకు కడిగి ఆరబెట్టిన గదికీ, ఆదివారం సాయంత్రం ఏడింటికి అదే గదికీ పోలిక ఉండదు. పదిన్నర మెతుకును పట్టి చూసి ఏడింటి సంగతి తేల్చేస్తున్నారు.

మంచినీళ్లు, ఉప్పునీళ్లు

మన ఊళ్లలో నీళ్లకు రెండు పేర్లు. మున్సిపాలిటీ కొళాయిలో వచ్చేవి మంచినీళ్లు, బోరులో వచ్చేవి ఉప్పునీళ్లు. కర్నూలు నగరానికి తాగునీరు ప్రధానంగా తుంగభద్ర నుంచి వస్తుంది. దాన్ని వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు. పార్కుల్లో గడ్డికీ మొక్కలకీ ఎక్కువగా బోరు నీళ్లే వాడతారు. టాయిలెట్లకూ ఆ బోరు పైపునే కలపడం సులువు, ఖర్చు తక్కువ.

ఉమ్మడి కర్నూలు జిల్లా నాపరాతి నేలలకు పేరు. బేతంచెర్ల బండలు పరచని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. నాపరాయి అంటే సున్నపురాయే. అలాంటి రాతి పొరల్లోంచి వచ్చే నీటికి కాఠిన్యం ఎక్కువగా ఉంటుంది. తాగునీటికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు.

కఠినజలంతో టాయిలెట్ ఎలా పాడవుతుందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. కొళాయి లోపల తెల్లగా సున్నం పేరుకుంటుంది. అప్పుడు పూర్తిగా కట్టడం కుదరదు, నీళ్లు కారుతూనే ఉంటాయి. ఫ్లష్ ట్యాంకులోని రబ్బరు వాషరు సరిగా కూర్చోదు. మూత్రశాలల్లో అయితే మూత్రంలోని లవణాలు, నీటిలోని లవణాలు కలిసి పైపు లోపల రాయిలా గట్టిపడతాయి. పైపు ఇరుకై, నిలిచిన మూత్రం నుంచి అమ్మోనియా వాసన లేస్తుంది. పైన ఎంత ఫినాయిల్ చల్లినా లోపలి గార కదలదు. దాంతో యాసిడ్ పోస్తారు. యాసిడ్ గారనే కాదు, టైల్స్ మధ్య సిమెంటునూ తినేస్తుంది. ఆ సందుల్లోకి మూత్రం ఇంకుతుంది, వాసన ఇంకా పెరుగుతుంది. ఇలా శుభ్రం చేసే పద్ధతే గదిని ముసలిదాన్ని చేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకేచోట కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని గదిలో ఈ రెండూ ఒకేసారి చల్లే కార్మికురాలికి అది దగ్గుతో పోయే సంగతి కాదు.

తాగే కొళాయి విషయంలో మొదటి ప్రశ్న అది బోరు పైపు మీద ఉందా, మున్సిపల్ పైపు మీద ఉందా అన్నది. రుచిని బట్టి కొంత తెలుస్తుంది గానీ పూర్తిగా కాదు. ఇక్కడే టీడీఎస్ మీటరు జనాన్ని బాగా తికమక పెడుతోంది. పెన్నులాంటి ఆ పరికరం నీటిలో కరిగిన లవణాలు ఎన్నో మాత్రమే చెబుతుంది. ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, తప్పనిసరైతే 2000 వరకు అనుమతిస్తారు. కానీ మురుగు చుక్క కలిసిన నీటికీ టీడీఎస్ 200 చూపించవచ్చు. విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవుల లెక్క ఆ మీటరుకు అందదు. దానికి ప్రమాణం వేరే ఉంది. ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ ఈ-కోలి బ్యాక్టీరియా కనబడకూడదు. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ రెండో దాన్ని చిన్న రంగు పరీక్షతో నిమిషాల్లో చూడొచ్చు.

అనంతపురంతో పోలిస్తే తేడా బాగా అర్థమవుతుంది. ఆ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాత సమస్య. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 1.5. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి ఉండవు. కాచినా పోదు. అక్కడ పార్కు కొళాయి బోరు మీద ఆధారపడి ఉంటే ఆర్‌ఓ ప్లాంటు పెట్టడంలో అర్థం ఉంది. కర్నూలులో నదీజలం వచ్చే కొళాయికి అదే యంత్రం తగిలిస్తే మాత్రం కొత్త చిక్కు వస్తుంది. ఆర్‌ఓకు ముందుండే కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను తీసేస్తుంది. ఆ తర్వాత స్టీలు ట్యాంకులో నిలిచే నీటికి ఏ కాపలా ఉండదు. ట్యాంకు కడగకపోతే శుద్ధి చేసిన నీరే మళ్లీ పాడవుతుంది. పైగా లోపలికి వెళ్లిన నీటిలో చాలా భాగం వృథాగా బయటికి పోతుంది. రెండు జిల్లాల్లోనూ ఒకే టెండరుతో ఒకే మిషను కొనడం లెక్కలకు సులువు కావచ్చు, నీటికి మాత్రం కుదరదు.

ఖాళీ పైపు ఏం పీలుస్తుంది

మన నగరాల్లో కొళాయి నీళ్లు రోజంతా రావు. కొన్ని గంటలే వస్తాయి. నీళ్లు ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపుకు ఎక్కడైనా పగులుంటే, పక్కన మురుగు కాలువ ఉంటే, ఖాళీ అయిన పైపు ఆ తడిని లోపలికి లాక్కుంటుంది. మర్నాడు వదిలిన నీళ్లలో మొదటి బిందెలు మురికిగా రావడానికి ఒక కారణం ఇదే. ఇళ్లల్లో ఆడవాళ్లు ఆ మొదటి నీళ్లు వాకిట్లో చల్లేస్తారు. పార్కులో చల్లేవాళ్లు ఉండరు. ఆ మొదటి నీళ్లే తిన్నగా ట్యాంకులోకి ఎక్కుతాయి.

ఒడిశాలోని పూరీ 2021 జులైలో ఈ గొలుసును తెంచింది. నగరమంతా 24 గంటలూ, తిన్నగా కొళాయి నుంచి తాగదగిన నీరు ఇవ్వడం మొదలుపెట్టింది. లక్షల మంది యాత్రికులు వచ్చే ఊరు కాబట్టి వీధుల్లోనూ తాగునీటి కొళాయిలు పెట్టారు. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉండటం వల్లే అక్కడ వీధి కొళాయి నమ్మదగినదిగా నిలబడింది. కొళాయి డిజైనుకు అందులో పాత్ర తక్కువ. కర్నూలు, కడప, అనంతపురం అలాంటి సరఫరాకు చేరేలోగా పార్కు కొళాయి మంచిచెడ్డలు ట్యాంకు మీదే ఆధారపడతాయి.

ఆ ట్యాంకు సాధారణంగా గది పైకప్పు మీద ఎండలో ఉండే నల్ల సింటెక్స్. నీరు వేడెక్కిన కొద్దీ క్లోరిన్ తొందరగా తరిగిపోతుంది. మూత లేకపోయినా, ఎగిరిపోయినా కాకులు, పావురాలు చేరతాయి. వెలుతురు పడితే లోపల పాచి పడుతుంది. ఫిల్టరు హౌసు దగ్గర సరిగా ఉన్న నీరు చివరి పది అడుగుల్లో చెడిపోయేది ఇక్కడే. ఆ మూత ఎత్తి చూడాలంటే నిచ్చెన కావాలి. తనిఖీ ఫొటోల్లో నిచ్చెన కనిపించడం అరుదు.

గొలుసు గ్లాసు కథ

మంచినీళ్ల కొళాయి దగ్గర స్టీలు గ్లాసును గొలుసుతో కట్టేయడం మనకు అలవాటైన దృశ్యం. అది దొంగల భయంతో పుట్టిన ఏర్పాటే అయినా దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. కలరా భయం వెంటాడుతున్న రోజుల్లో, 1859లో లండన్‌లో పెట్టిన తొలి ఉచిత తాగునీటి ఫౌంటెన్‌కూ గొలుసు కప్పులే ఉండేవి. అందరూ ఒకే కప్పుతో తాగితే రోగాలు అంటుకుంటాయని 1909లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఉమ్మడి కప్పును నిషేధించింది. పైకి చిమ్మే నీటిని నోటితో అందుకునే ఫౌంటెన్లు ఆ తర్వాతే బాగా వ్యాపించాయి.

మనకు ఆ అవసరం పెద్దగా రాలేదు. చలివేంద్రంలో కుండలోంచి ముంచి పోస్తే దోసిలి పట్టి తాగడం, చెంబు ఎత్తి పోసుకోవడం మన పద్ధతి. మూతి తగలకుండా తాగే అలవాటుకు కిందికి పడే కొళాయే సరిపోతుంది. ఇప్పుడైతే చాలామంది చేతిలో బాటిల్ ఉంటుంది. అందుకే పార్కుల్లో విదేశీ తరహా చిమ్మే ఫౌంటెన్లకు ఖర్చు పెట్టడం కంటే, బాటిల్ పట్టే ఎత్తులో ఒక కొళాయి, పిల్లలకు అందేలా కింద ఇంకొకటి, కారిన నీళ్లు మొక్కలకు పోయే కాలువ ఉంటే చాలు. గొలుసు గ్లాసును మాత్రం తీసేయొచ్చు.

వెయ్యి లీటర్ల లెక్క

ఒక ఉదాహరణ. పార్కు టాయిలెట్‌కు వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. ఉదయం ఒకసారి నింపుతారు. గదులు కడగడానికి 150 లీటర్లు పోయాయనుకుందాం. ఉదయం వాకింగ్‌కు వచ్చినవాళ్లలో 60 మంది వాడితే, మనిషికి 5 లీటర్ల చొప్పున ఇంకో 300. కారే కొళాయిలతో కొంత. సాయంత్రానికి ట్యాంకులో సగం కూడా మిగలదు. ఆదివారం సాయంత్రం వంద మంది వస్తే ఏడు గంటలకు ముందే ట్యాంకు ఖాళీ. ఆ తర్వాత వచ్చినవాళ్లు నీళ్లు పోయకుండానే బయటికొస్తారు. మర్నాడు ఉదయం ఆ గది చూసినవాళ్లు ‘జనానికి బుద్ధి లేదు’ అంటారు. బుద్ధి ఉన్నా బకెట్లో నీళ్లు లేకపోతే చేసేదేముంది?

సీట్ల లెక్కలోనూ ఇలాంటి మెలిక ఉంది. స్వచ్ఛ భారత్ మార్గదర్శకాల ప్రకారం పబ్లిక్ టాయిలెట్లలో పురుషులకు 100 నుంచి 400 మందికి 1 సీటు చాలు, విడిగా 50 మందికి ఒక యూరినల్. మహిళలకైతే 100 నుంచి 200 మందికే 2 సీట్లు ఉండాలి. ఆడవాళ్లకు ఎక్కువ కావాలని నిబంధనే ఒప్పుకుంటోంది. కట్టేటప్పుడు మాత్రం గోడకు అటు రెండు, ఇటు రెండు అని సమానంగా పంచేస్తారు. అటువైపు మళ్లీ యూరినల్స్ అదనం. చూడటానికి సమానంగానే ఉంటుంది, క్యూ మాత్రం ఒకవైపే పెరుగుతుంది.

తాళం వేస్తే వాసన ఎందుకు పెరుగుతుంది

కొళాయి తలలు ఎత్తుకుపోతున్నారని, రాత్రిళ్లు మందు సీసాలు పడేస్తున్నారని చాలాచోట్ల టాయిలెట్లకు తాళం వేస్తారు. వాచ్‌మన్ లేని పార్కులో ఇది అర్థం చేసుకోదగిన పనే. కానీ తాళం వేస్తే గది భద్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

మామూలు ఇండియన్ సీటు కింద వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. లోపలి గాలి పైకి రాకుండా ఆపే మూత ఆ నీరే. చెంబుతో నీళ్లు పోసే రకంలో ఆ నీటి లోతు సాధారణంగా 20 మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్ల మందం కూడా ఉండదు. రాయలసీమ ఎండకు వాడకం లేని గదిలో అది త్వరలోనే ఆవిరైపోతుంది. ఆ తర్వాత సెప్టిక్ ట్యాంకు వాసన, బొద్దింకలు నేరుగా గదిలోకి వస్తాయి. తాళం తీసినవాళ్లు ముక్కు మూసుకుని ‘ఇది వాడటానికి పనికిరాదు’ అని మళ్లీ తాళం వేస్తారు. రోజూ ఒక చెంబు నీళ్లు పోస్తే ఆగిపోయే నష్టం ఇది.

ఒక గోడకు ముగ్గురు

ఒక పార్కు టాయిలెట్‌లో నీళ్లు రావడం లేదు. ఎవరికి చెప్పాలి? పైపు, మోటారు, కొళాయి ఇంజినీరింగ్ విభాగానివి. కడగడం ప్రజారోగ్య విభాగం కిందికి, అంటే శానిటరీ ఇన్‌స్పెక్టర్, మేస్త్రీల కిందికి వస్తుంది. పార్కు గేటు, మొక్కలు, బోరు సాధారణంగా ఉద్యాన విభాగం చూస్తుంది. 2019 అక్టోబరులో వచ్చిన వార్డు సచివాలయాల్లోనూ ఇదే విభజన ఉంది. నీళ్లు, లైట్లు, రోడ్ల వంటి వసతులకు ఒక కార్యదర్శి, పారిశుద్ధ్యానికి వేరే కార్యదర్శి. ఎవరి పని వాళ్లు చేసినా, మూడు పనులు కలిసేచోట ఖాళీ మిగులుతుంది. కడిగే మనిషి వచ్చే వేళకు మోటారు ఆన్ కాదు. మోటారు వేసే మనిషి దగ్గర టాయిలెట్ తాళం ఉండదు.

సెప్టిక్ ట్యాంకు ఈ ముగ్గురికీ కనబడని నాలుగోది. నిండి పొంగేదాకా అది ఉందన్న సంగతే గుర్తుండదు. అప్పుడు కంగారుగా ఎవరినో దింపి తీయించడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపకూడదు. యంత్రంతోనే తోడించాలి. ఈ పని కోసం 14420 అనే హెల్ప్‌లైన్ ఉంది.

కట్టడానికి ఉన్న డబ్బు, నడపడానికి లేనిది

నగరాల్లో వసతుల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం 2015లో మొదలైనప్పుడు పచ్చదనం, పార్కులు కూడా అందులో భాగమయ్యాయి. నిర్మాణానికి ఇలా ఏదో ఒక పథకం దొరుకుతుంది. వాచ్‌మన్ జీతం, వాషర్లు, బల్బులు, ట్యాంకు కడిగే కూలి లాంటివి మాత్రం నెలనెలా నగరపాలక సంస్థ సొంత జేబులోంచి పోవాలి. రిబ్బను కత్తిరించడానికి వచ్చినంత మంది వాషరు మార్చడానికి రారు.

వాడినవాళ్ల దగ్గరే డబ్బు తీసుకునే పద్ధతిని సులభ్ సంస్థ 1974లో పట్నాలో నిలబెట్టి చూపించింది. బస్టాండులో అది నడుస్తుంది. ఎందుకంటే అక్కడ తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా జనం ఉంటారు. పార్కులో ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, అంతే. ఐదు రూపాయలు పెట్టినా మనిషి కూలికి చాలదు. పైగా మగవాళ్లు డబ్బులడిగితే గోడ చాటుకు పోతారు, ఆడవాళ్లకు ఆ దారి లేదు. మహిళల దగ్గర మూత్ర విసర్జనకు కూడా డబ్బు తీసుకోవడాన్ని ప్రశ్నిస్తూ ముంబయిలో 2011లో ఒక ఉద్యమమే మొదలైంది. బస్టాండు, మార్కెట్ దగ్గరి లాభసాటి టాయిలెట్లను, పార్కుల్లోని నష్టపు టాయిలెట్లను ఒకే కాంట్రాక్టులో కలిపి ఇవ్వడం దీనికి ఉన్న దారుల్లో మెరుగైనది. అప్పుడు అక్కడి రాబడి ఇక్కడి ఖర్చును మోస్తుంది.

టోక్యోలోని షిబుయాలో 2020 నుంచి పేరున్న ఆర్కిటెక్టులతో 17 పబ్లిక్ టాయిలెట్లు కట్టించారు. ప్రపంచమంతా వాటి గాజు గోడల గురించి మాట్లాడింది. అవి నిలబడటానికి కారణం మాత్రం రోజుకు పలుమార్లు శుభ్రం చేయడం, ఆ పనికి ముందే డబ్బు, మనుషులను కేటాయించడం.

వేళ మారితే ఏం మారుతుంది

తనిఖీ వేళను సాయంత్రం ఆరున్నరకు, అందులోనూ ఆదివారానికి మారిస్తే బయటపడేవి వేరే లోపాలు. ఖాళీ ట్యాంకు, వెలగని బల్బు, చీకట్లో కనబడని గడియ, ప్యాడ్లు వేయడానికి డబ్బా లేకపోవడం, వీల్‌చైర్ ఎక్కని మెట్టు అప్పుడే తెలుస్తాయి. తొలి నెలల్లో మార్కులు తగ్గుతాయి. ర్యాంకుల కోసం చూసే యంత్రాంగానికి ఇది ఇష్టం ఉండదు. ఫిర్యాదులూ పెరిగినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే తాళం తీసి ఉన్న టాయిలెట్ మీదే ఫిర్యాదు వస్తుంది. మూసినదాని మీద అడిగేవాళ్లుండరు.

ట్యాంకు మీద కడిగిన తేదీ పెయింటుతో రాయడం, కొళాయి దగ్గర ‘తాగునీరు’, ‘బోరు నీరు’ అని బోర్డు పెట్టడం, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఫోన్ నంబరుతో తలుపు మీద రాయడం పెద్ద ఖర్చు పనులు కావు. ఇవి లేనిచోట సోమవారం అధికారులకిచ్చే అర్జీల్లో అడగడానికి పౌరుడి చేతిలో ఆధారం ఉండదు. ‘నీళ్లు బాగాలేవు’ అనే అర్జీకీ, ‘ట్యాంకు కడిగి ఐదు నెలలైంది’ అనే అర్జీకీ వచ్చే జవాబు ఒకటి కాదు.

నీటిలో సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి చౌకైన హెచ్2ఎస్ సీసా పరీక్ష ఉంది. కొళాయి నీటిని సీసాలో పట్టి ఉంచుతారు. నల్లబడితే అనుమానించాల్సిందే. కాకపోతే ఆ రంగు తేలడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. తనిఖీ ఫొటో మర్నాటి పేపర్లోనే వచ్చేస్తుంది. అప్పటికి సీసా ఇంకా రంగు తేల్చి ఉండదు.